అమ్మమ్మ ఇంటి టేకు తలుపు: రంగు గీకి మళ్ళీ నిలబెట్టాలని ఉంది, సలహా చెప్పండి

పాతగుమ్మం · శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. అమ్మమ్మ ఇల్లు ఈ మధ్యే నా చేతికొచ్చింది. ఆ ఇంట్లో నడిమి గదికున్న జంట రెక్కల టేకు తలుపంటే నాకు ప్రాణం. చిన్నప్పుడు దాని పై గడియ అందక ఎగిరెగిరి పట్టుకునేవాణ్ణి. ఇప్పుడు దాని పరిస్థితి చూస్తే బాధేస్తోంది.

ఒక్కో రెక్క 2 మీటర్ల ఎత్తు, 55 సెంటీమీటర్ల వెడల్పు. రెక్కకి నాలుగు పలకలు, వాటి చుట్టూ సన్నటి నగిషీ. మీద రంగు పొరలు పొరలుగా ఉంది. గడియ దగ్గర పెచ్చు ఊడినచోట గోటితో లెక్కపెడితే ఐదు తేలాయి: పైన గోధుమ, తర్వాత ఆకుపచ్చ, లేత నీలం, మళ్ళీ ఆకుపచ్చ, అన్నిటికన్నా అడుగున మీగడ తెలుపు. కుడి రెక్క తెరిస్తే దాని బయటి మూల కింద నేలని గీస్తోంది, గచ్చు మీద వంకీలా గీత పడిపోయింది. మూస్తే పై మూల ఎడమ రెక్కని తంతోంది. ఒక పలక నిలువునా చీలింది, గోరు దూరేంత సందు.

చూసిన వడ్రంగి ఒకాయన "తీసి పారేసి కొత్తది పెట్టించుకోండి, దీనికి పెట్టే కూలితో అదే వస్తుంది" అన్నాడు. నాకు మనసొప్పలేదు. నేనే చేద్దామనుకుంటున్నాను. ఇంట్లో కుళాయిలు, స్విచ్చులు బాగుచేసుకున్న అలవాటుంది గానీ చెక్క పని కొత్త. శాండింగ్ మెషీన్ తెచ్చాను. రేపు పొద్దున్నే కింద ఒక 4 మిల్లీమీటర్లు చిత్రిక పట్టేసి, తర్వాత రంగు అరగదీద్దామని. గరుకు కాగితం ఏ నంబరుతో మొదలుపెట్టాలి?

చిత్రికపట్టు · శనివారం, ఉదయం 10:50

బాబూ, ముందు ఆ చిత్రిక కింద పెట్టు. కోసిన చెక్క మళ్ళీ రాదు. ముప్పై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. బాగున్న తలుపుల్ని అడుగున కోసి కోసి పాడుచేసిన ఇళ్ళు ఎన్నో చూశాను.

నీ తలుపు కింద గీస్తోందన్నావు కదా. చెక్క తేమకి ఉబ్బేది అడ్డంగా, నిలువుగా కాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి అడ్డంలో దాదాపు 6 శాతం దాకా కుంచించుకుంటుంది. పొడవులో మాత్రం 0.2 శాతం కూడా ఉండదు. నీ తలుపు నిలువు బద్దలు పైనుంచి కిందకి ఒకే చెక్క. అవి వానకి పొడుగవ్వవు. అంటే తలుపు పెరగలేదు, జారింది. బయటి మూల కింద గీయడం, అదే వైపు పై మూల పక్క రెక్కని తన్నడం, ఈ రెండూ కలిసి కనిపిస్తే రెక్క వాలిందని అర్థం.

ఎక్కడ వాలిందో పట్టుకోవడం తేలికే. తలుపు సగం తెరువు. బయటి అంచు కింద చెయ్యి పెట్టి పైకెత్తుతూ, ఇంకొకరిని బందుల దగ్గర కళ్ళు పెట్టి చూడమను. బందు రేకు గుమ్మం నుంచి కదిలితే స్క్రూలు వదులు. బందు కదలక, నిలువు బద్దకీ అడ్డ బద్దకీ మధ్య అతుకు తెరుచుకుంటే కుసి, అంటే అడ్డ బద్ద చివర నిలువు బద్దలోకి దూరే నాలుక, వదులైంది. రెండూ ఉంటే రెండూ చెప్పు. అంతవరకు రంగు సంగతి ఎత్తొద్దు.

తేటనీరు · శనివారం, ఉదయం 11:35

చిత్రికపట్టు గారు చెక్క సంగతి చెప్పారు. నేను రంగు సంగతి చెప్తాను. నేను రసాయనశాస్త్రం బోధిస్తాను. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలున్నారు కాబట్టి ఈ విషయం నాకు ఊరికే చదువుకున్న పాఠం కాదు.

పాతగుమ్మం గారూ, ఆ మెషీన్‌ని దయచేసి ఇప్పుడే ప్లగ్గులో పెట్టకండి. ఐదు పొరల్లో అడుగున ఉన్న ఆ మీగడ తెలుపు పాతకాలంది. అప్పటి తెలుపు రంగుల్లో సీసం ఉండడం మామూలు. అమెరికాలో ఇళ్ళకి వాడే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. చాలా దేశాల్లో ఇంకా చాలా ఆలస్యంగా జరిగింది. సీసం రంగు గోడకి అంటుకుని ఉన్నంతసేపు పెద్దగా గొడవ లేదు. మెషీన్ పెట్టి రుద్దారంటే పిండిలా లేచి ఇల్లంతా పరుచుకుంటుంది, నేలమీద పాకే పిల్లల చేతికంటి నోట్లోకి వెళ్తుంది. పిల్లల మెదడుకి ఇంత సీసం వరకు ఫరవాలేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

సీసం పరీక్ష కిట్లు దొరుకుతాయి. చాకుతో అన్ని పొరలూ కనిపించేలా ఒక చిన్న వాలు కోత పెట్టి, దూదిపుల్లతో అక్కడ రుద్దాలి. కొన్ని కిట్లలో సీసం ఉంటే దూది గులాబీ, ఎరుపు రంగులోకి తిరుగుతుంది. పైపొర మీద రుద్ది "లేదు" అనుకోవద్దు. అడుగు పొర దాకా కోయాలి.

రంపపుపొట్టు · శనివారం, మధ్యాహ్నం 1:05

నేను హీట్‌గన్‌తో మూడు తలుపులు వొలిచాను. రంగు బుడగలు లేచి లప్పం రేకుకి పట్టీలు పట్టీలుగా వచ్చేస్తుంది, దుమ్ము ఉండదు. ఒక రెక్కకి ఒక పూట చాలు. దీనికింత భయం దేనికండీ?

తేటనీరు · శనివారం, మధ్యాహ్నం 1:40

దుమ్ము ఉండదన్నది నిజం. ఆవిరి మాటేమిటి? కొన్ని హీట్‌గన్లు 600 సెల్సియస్ డిగ్రీల దాకా వెళ్తాయి. సీసం రంగు మీద 1100 ఫారెన్‌హీట్, అంటే సుమారు 593 సెల్సియస్, ఆ పైన హీట్‌గన్ వాడకూడదని అమెరికా పర్యావరణ సంస్థ నిబంధనే ఉంది. ఆ వేడికి సీసం పొగగా లేస్తుంది, మామూలు దుమ్ము మాస్కు ఆ పొగని ఆపలేదు. రంగు మెత్తబడడానికి అంత వేడి అక్కర్లేదు కూడా. తక్కువ సెట్టింగు మీద, రంగు మాడకుండా, గాలి ఆడే చోట, సరైన ఫిల్టరున్న మాస్కుతో చేస్తే అది వేరే సంగతి. మీరు ఏ సెట్టింగు మీద చేశారు?

రంపపుపొట్టు · శనివారం, మధ్యాహ్నం 2:20

నిజం చెప్పాలంటే ఎప్పుడూ చూసుకోలేదు. ఎక్కువ వేడి మీదే పెట్టేవాణ్ణి, త్వరగా అవుతుందని. రెండు చోట్ల చెక్క నల్లగా మాడింది కూడా. మిగిలిన తలుపు ఒకటుంది, దాని మీద ముందు పరీక్ష చేస్తాను. చెప్పినందుకు థాంక్స్ అండీ.

ఉలిసుత్తి · శనివారం, సాయంత్రం 4:10

రంగు కరిగించే మందు గురించి నా అనుభవం ఒకటి. రెండేళ్ళ కిందట కిటికీ రెక్కలకి ఘాటైన మందు ఒకటి వాడాను. అయిదు నిమిషాల్లో రంగు ముడతలు పడింది, సంబరపడ్డాను. కిటికీ మూసిన గదిలో చేస్తున్నాను. పావుగంటకి తల దిమ్ము, కాళ్ళు తేలిపోవడం మొదలైంది. మా అన్న వచ్చి బయటికి లాక్కెళ్ళాడు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో మిథిలీన్ క్లోరైడ్ అని ఉంది. అది ఒంట్లోకి వెళ్ళాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుందని, దానివల్ల మూసిన గదుల్లో పనిచేసినవాళ్ళు చనిపోయారని తర్వాత తెలిసింది. అమెరికాలో 2019 నుంచి దాన్ని ఇంటి వాడకానికి రంగు తీసే మందుగా అమ్మనివ్వట్లేదు.

కాబట్టి డబ్బా కొనేముందు వెనకవైపు చదవండి. బెంజైల్ ఆల్కహాల్ రకం జెల్ ఉంటుంది. అది నిదానంగా పనిచేస్తుంది, కానీ ఐదు పొరలకి అదే మేలు. మందంగా పూసి, మీద పల్చటి ప్లాస్టిక్ కప్పి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి జావలా అవుతుంది. దానికి కూడా గ్లౌజులు, కళ్ళద్దాలు, తెరిచిన కిటికీలు ఉండాల్సిందే.

చిత్రికపట్టు · శనివారం, సాయంత్రం 4:45

ఉలిసుత్తి చెప్పింది బంగారం లాంటి మాట. ఇంకొక్కటి కలుపుతాను. కాస్టిక్ సోడా తొట్టిలో తలుపుని ముంచి రంగు తీసేవాళ్ళు ఉంటారు, చవకగా అవుతుందని. ఆ పని వద్దు. అతుకుల్లో జిగురు కరిగిపోతుంది, చెక్క నల్లబడుతుంది, నార పైకి లేచి గరుకెక్కుతుంది. ఎంత కడిగినా లోపల మిగిలిన కాస్టిక్ ఆర్నెల్లకి పాలిష్ కింద నుంచి తెల్లగా పైకొస్తుంది.

పాతగుమ్మం · ఆదివారం, సాయంత్రం 6:30

ఇవాళ్టి సంగతులు.

సీసం పరీక్ష చేశాను. పై మూడు పొరల వరకు దూది మారలేదు. నాలుగో పొర దగ్గరా, అడుగు తెలుపు దగ్గరా అరనిమిషంలో గులాబీ రంగు తిరిగింది. చూడగానే గుండె ఝల్లుమంది. మెషీన్‌ని మళ్ళీ పెట్టెలో పెట్టేశాను.

రెక్క ఎత్తి చూశాం. మా ఆవిడ టార్చి పట్టుకుంది. పై బందు గుమ్మం నుంచి 3 మిల్లీమీటర్లు కదులుతోంది. స్క్రూలు తిప్పితే ఊరికే తిరుగుతున్నాయి, పట్టు లేదు. కింది అడ్డ బద్ద దగ్గర అతుకు కూడా సన్నగా తెరుచుకుంటోంది, ఒక కాగితం దూరేంత. ఇంకో మాట, బందుల వైపు పైన సందు ఎక్కువ, కింద దాదాపు సందే లేదు.

చిత్రిక పట్టి ఉంటే మంచి చెక్కని అనవసరంగా కోసి ఉండేవాణ్ణి. ఇప్పుడు రెక్క దించడం ఎలా? దించితే ఒక్కణ్ణే మొయ్యగలనా?

మడతబందు · ఆదివారం, రాత్రి 8:00

ఒక్కరే వద్దు. ఘనపు అడుగు లెక్కన చూస్తే నీ రెక్క 20 కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది. బరువు కన్నా దాని ఎత్తే ఇబ్బంది పెడుతుంది. తలుపు సగం తెరిచి, బయటి అంచు కింద రెండు చీలిక ముక్కలు ఎదురెదురుగా తోసి బరువు వాటి మీదకి తీసుకో. ముందు కింది బందు, తర్వాత మధ్యది, చివర పైది. పైది విప్పేటప్పుడు ఇంకొకరు రెక్కని పట్టుకుని ఉండాలి. ప్రతి బందుకీ, దాని స్క్రూలకీ కవరు మీద రాసి పెట్టు: కుడి-పై, కుడి-మధ్య, అలా. పాత బందులు చూడ్డానికి ఒకటే, కానీ ఒకదాని గాడిలో ఇంకొకటి కూర్చోదు.

స్క్రూ తలలో రంగు నిండిపోయి ఉంటుంది కదా. స్క్రూడ్రైవర్ పెట్టేముందు పాత చాకు మొనతో గాడిని శుభ్రంగా గీకాలి. తర్వాత గాడి నిండా పట్టే వెడల్పు బ్లేడే వాడు. మొదట విప్పే వైపు కాకుండా బిగించే వైపు ఒక వెంట్రుకవాసి తిప్పు, పట్టు విరుగుతుంది. అప్పుడు విప్పు. అప్పటికీ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మొన తల మీద ఒక నిమిషం ఆనించు, చల్లారాక తిప్పు.

బందులు ఇత్తడివా, ఇత్తడి పూతవా అన్నది అయస్కాంతంతో తెలిసిపోతుంది. అంటుకుంటే లోపల ఇనుము, ఎక్కువ రుద్దితే పూత పోతుంది. అంటుకోకపోతే పాత గిన్నె ఒకటి ఇలాంటి పనికే కేటాయించి, నీళ్ళలో చాకలి సోడా వేసి సన్నటి సెగ మీద ఒక గంట ఉంచితే రంగు తోలులా ఊడొస్తుంది. ఆ గిన్నెని మళ్ళీ వంటకి వాడొద్దు, రంగులో సీసం ఉంది కాబట్టి.

పాతగుమ్మం · సోమవారం, రాత్రి 9:15

రెక్క దించాం. బందు కింద కనిపించింది మీకు చెప్పాలి.

కింది బందు రేకు తీశాక గుమ్మం గాడిలో నాలుగు మడతలు పెట్టిన అట్టముక్క ఉంది. తడిసి ఆరి తడిసి ఆరి అప్పడంలా చదునైపోయింది, వేలు తగిలితే పొడి అవుతోంది. దాని వెనక చెక్క మీద పెన్సిలు గీత, పక్కన ఒక చిన్న గుణకారం గుర్తు. ఎవరో గాడి కొలత గీసుకున్న గుర్తది. రంగు ఎక్కడా అంటని టేకు ఆ రేకు మందాన, నా అరచేయంత మేర, తేనె రంగులో మెరుస్తోంది. ఐదు పొరల కింద ఇది ఉందా అనిపించింది. చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

ఆ అట్ట ఎందుకు పెట్టి ఉంటారు?

చిత్రికపట్టు · సోమవారం, రాత్రి 9:50

నీకంటే ముందు ఒకరు ఇదే జబ్బుకి మందేశారు. రెక్క వాలితే రెండు దారులు. పై బందుని గుమ్మం వైపు లోపలికి లాగడం, లేదా కింది బందు వెనక ఎత్తు పెట్టడం. కింద ఎత్తు పెడితే రెక్క అడుగు బయటికి తోసుకుని, వాలిన మూల పైకి లేస్తుంది. ఆయన పెట్టిన ఆలోచన సరైందే, పెట్టిన వస్తువే అట్ట. నలిగిపోయింది. అందుకే కింద సందు లేకుండా పోయింది.

నువ్వు మాత్రం పై బందు స్క్రూల పని ముందు చూడు. దాని పట్టు తిరిగొచ్చాక ఎత్తు అవసరమే ఉండకపోవచ్చు. కావాలంటే అట్ట కాకుండా పల్చటి టేకు రేకు, కింది బందుకి ఎంత మందమో మధ్య బందుకి అందులో సగం పెట్టాలి. లేకపోతే మూడు బందులు ఒకే గీతలో ఉండక పిన్నులు బిగుసుకుంటాయి.

స్క్రూ బెజ్జాల్లో అగ్గిపుల్లలు కొట్టే అలవాటు అందరికీ ఉంది. తేలిక తలుపుకి చాలు, దీనికి చాలదు. 10 మిల్లీమీటర్ల బెజ్జం వేసి గట్టి చెక్క బిళ్ళ జిగురుతో దిగ్గొట్టు. ఇక్కడ చాలామంది పొరబడతారు: అంగట్లో దొరికే గుండ్రటి కడ్డీని కోసి పెడతారు. అప్పుడు స్క్రూ ఆ కడ్డీ నారల మధ్య, వాటి పొడవునే దిగుతుంది. చీపురు కట్టలో మేకు దింపినట్టే, పట్టు తక్కువ. బిళ్ళని నార అడ్డంగా పోయేలా కోసి, గుమ్మం నార ఎటుంటే అటే తిప్పి పెట్టు. ఆరాక సన్నటి బెజ్జం వేసి అప్పుడు స్క్రూ. ఇత్తడి స్క్రూలయితే ముందు అదే సైజు ఇనప స్క్రూని మైనం రాసి ఒకసారి దింపి తీసెయ్యి, ఆ దారిలో ఇత్తడిది ఎక్కించు. నేరుగా ఎక్కిస్తే తల తెగి చేతిలోకొస్తుంది.

అతుకు సంగతి. కింది అడ్డ బద్ద చివర నిలువు బద్ద మీద చెక్క చీలలు గుండ్రంగా కనిపిస్తున్నాయా?

పాతగుమ్మం · సోమవారం, రాత్రి 10:05

అవునండీ, రెండు. ఒకటి కొంచెం లోపలికి దిగిపోయింది. చీలిన పలక గురించి కూడా చెప్పరూ, జిగురు పెట్టి బిగించెయ్యనా?

చిత్రికపట్టు · మంగళవారం, ఉదయం 6:40

పలక దగ్గర ఆగు. రాత్రే రాద్దామనుకున్నాను గానీ, ఇది తొందరలో చెప్పే విషయం కాదు.

ఆ పలకలు చుట్టూ ఉన్న బద్దల గాడిలో వదులుగా కూర్చునేలా చేసినవి. జిగురు ఉండదు, మేకు ఉండదు. కావాలనే. వానకాలంలో పలక గాడిలోకి ఉబ్బుతుంది, ఎండకి వెనక్కి వస్తుంది. తలుపు చట్రం మాత్రం కదలదు. ఐదుసార్లు రంగేసినప్పుడల్లా ఆ రంగు గాడి అంచున జిగురులా పట్టేసింది. పలక రెండు వైపులా ఇరుక్కుంది. ఎండలో కుంచించుకోబోతే చోటు లేదు. ఎక్కడో ఒకచోట చీలాల్సిందే, చీలింది. ఇప్పుడు చీలిక ఒక్కటీ అతికిస్తే పక్కన ఇంకోటి చీలుతుంది.

అందుకని ముందు పల్చటి బ్లేడు తీసుకుని పలక చుట్టూ నాలుగు వైపులా, ముందూ వెనకా, గాడి అంచున రంగుని కోస్తూ పో. కోయడం పూర్తయితే అరచేత్తో నెట్టినా పలక వెంట్రుకవాసి కదులుతుంది. కదిలిందంటే విడుదలైనట్టు. అప్పుడు చీలిక దగ్గరకి తెచ్చి అతకొచ్చు. టేకులో నూనె ఉంటుంది, జిగురు సరిగ్గా పట్టదు. అతికే ముందు అసిటోన్ తడిపిన గుడ్డతో చీలిక లోపల తుడిచి, అది ఆరిన వెంటనే జిగురు పెట్టి క్లాంపుతో మెల్లగా దగ్గరకి తీసుకో. గాడిలోకి ఒక్క చుక్క జారినా తుడిచెయ్యి.

ఇక అతుకు. పాత పనివాళ్ళు కుసి బెజ్జాన్నీ, నిలువు బద్ద బెజ్జాన్నీ ఒకే గీతలో వెయ్యరు. కుసిలో బెజ్జం ఒక మిల్లీమీటరు భుజం వైపు, అంటే కుసి మొదలయ్యే చోటు వైపు, జరుపుతారు. చీల దిగుతుంటే అది అతుకుని తనవైపు లాక్కుంటుంది. క్లాంపులు లేని రోజుల్లో అదే క్లాంపు. నీ చీలని వెనకవైపు నుంచి సన్నటి కడ్డీతో తట్టి బయటికి తియ్యి. అతుకు కొంచెం తెరిచి, పాత జిగురు, మట్టి గీకి, కొత్త జిగురు పెట్టి దగ్గరకి తెచ్చి, మొన సన్నగా చెక్కిన కొత్త చీల దింపు. దింపేముందు రెక్క ఎదురెదురు మూలలు రెండు వైపులా కొలువు. రెండు కొలతలూ సమానంగా ఉంటేనే రెక్క మూలమట్టంగా ఉన్నట్టు. జిగురు ఆరాక తెలిస్తే లాభం లేదు.

నిదానం · మంగళవారం, ఉదయం 9:20

అందరూ చెప్తున్నది చదువుతున్నాను, చాలా నేర్చుకుంటున్నాను. నాదో చిన్న సందేహం. మా స్నానాల గది తలుపు ప్రతి వానకాలం పక్కన పట్టేస్తుంది. రెండుసార్లు అరగదీశాను. ఇప్పుడు ఎండాకాలంలో వేలు పట్టేంత సందు. రంగు బాగానే ఉంది మరి.

మడతబందు · మంగళవారం, ఉదయం 9:55

ఒక చిన్న అద్దం తీసుకుని తలుపు అడుగు అంచు కింద పెట్టి చూడండి, కుర్చీ ఎక్కి పై అంచు కూడా. నూటికి తొంభై తలుపులకి అక్కడ రంగు తగలని ఉత్త చెక్కే ఉంటుంది, రంగేసినవాడికి అది కనబడదు. నిలువు బద్దల కోసిన మొనలు అక్కడే ఉంటాయి. చెక్క నీళ్ళు తాగేది ఆ మొనల నుంచే. ఎండాకాలంలో రెక్క దించి ఆ రెండు అంచులకీ రెండు మూడు చేతులు పాలిష్ గానీ రంగు గానీ పట్టించండి. ఇక అరగదీయొద్దు.

నిదానం · మంగళవారం, ఉదయం 10:30

చూశాను. కింది అంచు నల్లగా, తడిగా, ఉత్త చెక్క. ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదండీ ఈ మాట.

పాతగుమ్మం · తర్వాతి ఆదివారం, రాత్రి 7:40

వారం రోజుల పని చెప్తాను. ఇంతకు ముందు రాయలేకపోయాను.

రెండు రెక్కలూ పెరటి వసారాలో బల్లల మీద పడుకోబెట్టాను. కింద మందపాటి ప్లాస్టిక్ పరిచాను. పిల్లల్ని ఆ వైపు రానివ్వలేదు. బెంజైల్ ఆల్కహాల్ జెల్ మందంగా పూసి, ప్లాస్టిక్ కప్పి, రాత్రంతా ఉంచాను. పొద్దున కప్పు తీస్తే పై మూడు పొరలు తడిసిన అట్టలా మొత్తంగా లేచాయి. అడుగు రెండు పొరలకి ఇంకో రాత్రి పట్టింది. గీకినదంతా తడిగానే సంచిలో మూట కట్టాను, ఎండి పొడి కాకుండా.

సమస్యంతా నగిషీ గాళ్ళలోనే. లప్పం రేకు దూరదు. చిత్రికపట్టు గారు ఫోటో చూసి చెప్పినట్టు విరిగిన గాజుపెంకు అంచుని గాడి వంపుకి తగ్గట్టు ఎంచుకుని, తోలు గ్లౌజుతో పట్టుకుని, తడిగా గీకాను. చెక్క దెబ్బతినలేదు. మరీ సన్నచోట పాత టూత్‌బ్రష్. ఒక్కో పలక చుట్టూ రెండు గంటలు పట్టింది. ఎనిమిది పలకలు.

తెలుపు పొర పోయాక పరీక్ష మళ్ళీ చేశాను, నాలుగు చోట్ల. దూది మారలేదు. అయినా గరుకు కాగితాన్ని నీళ్ళతో తడిపే రుద్దాను, చేత్తో, నార వెంటే. 120తో మొదలుపెట్టి 180 దగ్గర ఆపాను.

కుడి రెక్క గడియ చుట్టూ నల్లటి మచ్చ మాత్రం పోలేదు, సిరా ఒలికినట్టుంది. అలాగే గుమ్మం అడుగున చిన్న చిన్న బెజ్జాలు కనబడ్డాయి.

తేటనీరు · తర్వాతి ఆదివారం, రాత్రి 8:10

తడిపి రుద్దారు చూడండి, మనసుకి హాయిగా ఉంది. ఆ బట్టలు విడిగా ఉతకండి.

నల్ల మచ్చ గురించి: గడియ ఇనుముదై ఉంటుంది. తడిసినప్పుడు ఇనుమూ చెక్కలోని టానిన్లనే వగరు పదార్థాలూ కలిసి అలా నల్లగా అవుతాయి. గరుకు కాగితంతో పోదు, చాలా లోతుగా ఉంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి బ్రష్‌తో ఆ మచ్చ మీద కాకుండా ఆ బద్ద మొత్తానికీ పూయండి. మచ్చ ఒక్కచోటే పూస్తే అక్కడ తెల్లబడి కొత్త మచ్చ కనిపిస్తుంది. ఆరాక మంచినీళ్ళతో రెండు మూడుసార్లు బాగా కడగాలి. అది విషం. గ్లౌజులు తప్పనిసరి. కడగకుండా ఎండిపోయిన పొడిని రుద్దితే ముక్కు, గొంతు మండిపోతాయి.

ఉలిసుత్తి · తర్వాతి ఆదివారం, రాత్రి 8:45

బెజ్జాలు గుండుసూది తలంత, ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండి, కింద మైదాపిండిలాంటి పొడి రాలుతుంటే అది చెక్క తొలిచే పురుగు. మట్టి గొట్టాలు ఉంటే చెదలు. రాత్రికి గుమ్మం కింద నల్ల కాగితం పరవండి. పొద్దున తెల్లటి పొడి ఉంటే పురుగు బతికే ఉంది. లేకపోతే ఎప్పుడో వెళ్ళిపోయిన పాత బెజ్జాలు. ఎలాగూ చెక్క మీద ఇప్పుడు రంగు లేదు కాబట్టి బోరేట్ ద్రావణం రెండుసార్లు పట్టించండి. రంగు ఉంటే అది లోపలికి దిగదు, ఇదే అదను.

పాతగుమ్మం · సోమవారం, ఉదయం 7:00

నల్ల కాగితం శుభ్రంగా ఉంది. అయినా బోరేట్ పడతాను. ఇక పాలిష్ దేనితో వెయ్యాలి? లోపలి గది తలుపు, ఎండా వానా తగలవు.

రంపపుపొట్టు · సోమవారం, ఉదయం 8:30

పాలీయురెథేన్ వెయ్యండి. నీళ్ళు పడ్డా, గీత పడ్డా తట్టుకుంటుంది.

చిత్రికపట్టు · సోమవారం, ఉదయం 9:10

బయటి తలుపైతే నేనూ ఏ వార్నిషో చెప్పేవాణ్ణి, అది కూడా ఎండకి పొరలు లేస్తుందని, ఏడాదికోసారి చూసుకోవాలని చెప్పి మరీ. లోపలి తలుపుకి లక్క పాలిష్‌ని మించింది లేదు. రేపు గీత పడితే ఆ గీత మీదే మళ్ళీ ఒక చెయ్యి వేస్తే కొత్త లక్క పాత లక్కని కరిగించి ఒకటైపోతుంది. పాలీయురెథేన్ అలా కలవదు, అక్కడ మొత్తం గీకి మళ్ళీ వెయ్యాల్సిందే. ఇంకో యాభై ఏళ్ళకి ఈ తలుపుని ఇంకెవరో బాగుచేస్తారు, వాళ్ళకి పని తేలికవ్వాలి.

లీటరు స్పిరిట్‌కి 200 నుంచి 250 గ్రాముల లక్క రేకులు. కరిగాక పల్చటి గుడ్డలో వడకట్టు. కొత్తగా కలిపిందే వాడు, పాతదైతే ఆరదు, చేతికి అంటుకుంటూనే ఉంటుంది. ముందు పలకల మీద, తర్వాత బద్దలు. ముసురు పట్టిన రోజు వెయ్యొద్దు, గాలిలో తేమకి పాలిష్ తెల్లగా పాలపొరలా తిరుగుతుంది. పై అంచు, కింది అంచు మర్చిపోకు.

పాతగుమ్మం · సోమవారం, ఉదయం 9:40

రంగు కొంచెం ముదరాలని మొదట ఒక చెయ్యి అవిసె నూనె వేసి, ఆరాక లక్క వేద్దామని. తప్పా?

తేటనీరు · సోమవారం, ఉదయం 10:15

తప్పు కాదు. కానీ నూనె తుడిచిన గుడ్డల గురించి ఒక మాట, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. అవిసె నూనె ఆరడమంటే గాలిలో ఆక్సిజన్‌తో కలవడం. అప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి పోతుంది. ఉండచుట్టి మూలన పడేస్తే పోయే దారి లేక పెరిగి పెరిగి, నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. 1991 ఫిబ్రవరి 23న ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం 22వ అంతస్తులో మొదలైన మంటకి కారణం చెక్కపని చేసి వదిలేసిన అవిసె నూనె గుడ్డలే. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. గుడ్డల్ని ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి గట్టిపడేదాకా ఆరనివ్వండి, లేదా నీళ్ళు నింపిన మూతున్న ఇనప డబ్బాలో ముంచండి.

పాతగుమ్మం · మూడు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:20

గుడ్డలన్నీ దండెం మీద ఒక్కొక్కటీ ఆరేశాను. నూనె పూర్తిగా ఆరడానికి పది రోజులు ఆగాను. ఆ తర్వాత లక్క ఐదు చేతులు, చేతికీ చేతికీ మధ్య 220 కాగితంతో పైపైన.

ఇవాళ ఉదయం రెక్కలు ఎక్కించాం. నార అడ్డంగా కోసిన బిళ్ళలు పెట్టిన పై బందు ఇప్పుడు రాయిలా ఉంది. అయినా వాలు ఒక మిల్లీమీటరు మిగిలింది. కింది బందు వెనక ఆ అట్ట ఉన్నచోటే పల్చటి టేకు రేకు పెట్టాను, మధ్యదానికి అందులో సగం. పెన్సిలు గీతని, ఆ గుర్తుని చెరపలేదు. పక్కన నేనూ ఒక గీత గీశాను.

ఒక్కటే మిగిలింది. కుడి రెక్క సగం తెరిచి వదిలితే దానంతటదే మెల్లగా తెరుచుకుపోతోంది.

మడతబందు · శనివారం, సాయంత్రం 5:50

గుమ్మమే ఒక పిసరు వాలి ఉంటుంది, దారానికి గుండు కట్టి చూస్తే తెలుస్తుంది. పాత గుమ్మాన్ని కదపొద్దు. మధ్య బందు పిన్ను ఊడేదయితే తీసి, రెండు చెక్కముక్కల మీద ఆనించి నడుమ సుత్తితో ఒక్క చిన్న దెబ్బ. కంటికి కనబడనంత వంపు చాలు. తిరిగి దింపితే ఆ కాస్త రాపిడి రెక్కని పట్టుకుంటుంది.

పాతగుమ్మం · శనివారం, రాత్రి 7:05

రెండు దెబ్బలు పట్టింది. ఇప్పుడు ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతోంది. చిత్రికపట్టు గారూ, మీరు అడుగుతారని కొలిచాను: పక్క సందు పైన 2.5, కింద 2.5. నేలకీ రెక్కకీ మధ్య 4 మిల్లీమీటర్లు. చిత్రిక ఒక్కసారి కూడా తగల్లేదు.